స్పీడు కార్లు ఎందుకు ఆగిపోతున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

కారు పిచ్చి ఉందని తెలిస్తే చాలు, పెళ్ళిళ్ళలో కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతారు: "ఆ బలీనో ఆర్‌ఎస్ ఎందుకు ఆపేశారు? పోలో జీటీ ఎందుకు రావట్లేదు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అందరూ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పొగ నియమాలు బిగిసిన ప్రతిసారీ స్పీడు కార్లే ముందు ఎందుకు పోతాయి?

పరీక్ష పాస్ కాలేక అనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు సంగతి అది కాదు. గిట్టుబాటు కాక పోతాయి.

కొత్త నియమం వచ్చిందంటే ప్రతి ఇంజిన్, గేర్‌బాక్స్ జోడీనీ మళ్ళీ ట్యూన్ చేయాలి, ల్యాబులో నడపాలి, రోడ్డు మీద నడపాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. నెలకి పది వేలు అమ్ముడుపోయే కారుకైనా, రెండొందలు అమ్ముడుపోయే కారుకైనా ఈ చాకిరీ దాదాపు ఒకటే. మొదటిదానిలో ఆ ఖర్చు అందరి మీదా పరుచుకుని కంటికి కూడా ఆనదు. రెండోదానిలో ఒక్కో కారు ధర మీద లక్షల్లో కూర్చుంటుంది. స్పీడు కారు కొనేవాళ్ళు తక్కువమంది, ఇష్టపడేవాళ్ళు ఎక్కువమంది. కంపెనీ ఖాతాలో ఇష్టానికి పద్దు ఉండదు.

మరి ఇంజిన్‌ని మార్చి పాస్ చేయించడం సాధ్యమేనా?

సాధ్యమే. రుజువు మన మారుతి షోరూమ్‌లోనే ఉంది. బలీనో ఆర్‌ఎస్ 2017 మార్చిలో వచ్చింది. 1.0 లీటర్ బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే పంకా), 102 పీఎస్ పవర్. ఇంజిన్ బయటి నుంచి దిగుమతి అయ్యేది, అందుకే ధర మామూలు బలీనో కంటే బాగా పైన ఉండేది, అమ్మకాలు అంతంతమాత్రం. 2019లో ధర లక్ష తగ్గించినా పెద్దగా కదల్లేదు. బీఎస్ 6, అంటే భారత్ స్టేజ్ 6 పొగ నియమాలు, వచ్చేలోపే చడీచప్పుడు లేకుండా జాబితాలోంచి తీసేశారు.

అప్పుడందరం "బూస్టర్‌జెట్ బీఎస్ 6 పాస్ కాదట" అని చెప్పుకున్నాం. నేనూ చెప్పాను. 2023లో అదే కుటుంబం ఇంజిన్ ఫ్రాంక్స్‌లో తిరిగి వచ్చింది, అదీ ఇంకా కఠినమైన రెండో దశ బీఎస్ 6 నియమాలు పాటిస్తూ! కాకపోతే ఈసారి అది కూర్చున్నది జనం ఎగబడి కొనే ఎత్తు బండిలో. ఇంజిన్‌లో లోపం లేదు, దాన్ని మోసే కారుకి గిరాకీ లేదు, అంతే.

అయినా స్పీడు కారు మామూలు కారు కంటే ఎక్కువ పొగ వదులుతుందా?

ఇక్కడ రెండు వేరు వేరు విషయాలున్నాయి. కలిపేస్తే తికమకే.

మొదటిది, మనకి ఎలర్జీలూ ఆయాసాలూ తెచ్చే విషవాయువులు: నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, సన్నని మసి. భారత్ స్టేజ్, యూరో అనే నియమాలు చూసేది వీటినే. రెండోది కార్బన్ డయాక్సైడ్. ఇది తాగిన పెట్రోలుకి తగ్గట్టు వస్తుంది, ఫిల్టర్ పెట్టి ఆపేది కాదు. మైలేజీ ఎంత తక్కువైతే ఇది అంత ఎక్కువ. దీనికి వేరే చట్టాలున్నాయి, వాటి గురించి కింద చెప్తాను.

విషవాయువుల సంగతి చూద్దాం. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే గాలి, పెట్రోలు పాళ్ళు కచ్చితంగా కుదరాలి. ఒక పాలు పెట్రోలుకి సుమారు 14.7 పాళ్ళ గాలి. మెల్లగా వెళ్ళేటప్పుడు ఇది సులువు. యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టినప్పుడు టర్బో ఎర్రగా కాలిపోతుంది. దాన్ని చల్లబరచడానికి కంప్యూటరు కావాలనే పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆ అదనపు పెట్రోలు ఆవిరైపోతూ వేడిని లాగేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, కానీ కన్వర్టర్‌కి కావలసిన పాళ్ళు చెడిపోతాయి. పవర్ ఎక్కువున్న ఇంజిన్లు ఎన్నో ఏళ్ళు ఈ ఉపాయం మీదే ఆధారపడ్డాయి.

పాత ల్యాబు పరీక్షలో కారుని ఇంత గట్టిగా తొక్కేవారు కాదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం బయటపడ్డాక, కారు వెనక యంత్రం కట్టి నిజం రోడ్డు మీద కొలిచే పద్ధతి యూరప్‌లో చట్టమైంది. మన దగ్గర ఆ రోడ్డు పరీక్ష 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైంది.

ఇంకొకటి మసి. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లలో సన్నని మసి పుడుతుంది. దానికోసం యూరప్ కార్లకి పెట్రోల్ పార్టిక్యులేట్ ఫిల్టర్లు వచ్చాయి. 2018 సెప్టెంబర్ గడువు దగ్గరపడుతుంటే బీఎండబ్ల్యూ తన ఎం3కి ఆ ఫిల్టర్ పెట్టే పని పెట్టుకోకుండా, మే నెలలోనే ఉత్పత్తి ముగించేసింది. ఎలాగూ ఆ మోడల్ ఆయుష్షు అయిపోవచ్చింది కదా, దానికి ఖర్చు దేనికి అని. అదే సమయంలో గోల్ఫ్ ఆర్ ఫిల్టర్ పెట్టించుకుని 310 పీఎస్ నుంచి 300కి దిగింది, అమ్మకాల్లో మిగిలింది. కంపెనీలు చేసేది ఇదే బేరం: ఈ కారు ఇంకా ఎన్నేళ్ళు అమ్ముతాం, ఎన్ని అమ్ముతాం.

యూరప్‌లో "సగటు" లెక్క అంటారు కదా, అదేమిటి?

పెళ్ళి భోజనాల కాంట్రాక్టు లాంటిది. ప్లేటుకి ఇంత అని మాట్లాడుకుంటారు. ఒకడు మూడుసార్లు వడ్డించుకున్నా పరవాలేదు, చారన్నంతో లేచిపోయేవాళ్ళు పక్క వరసలో సరిపడా ఉంటే.

యూరోపియన్ యూనియన్ ఒక్కో కారుకి కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టలేదు. కంపెనీ ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటుకి పెట్టింది. 2025 నుంచి మొత్తం మీద ఆ లక్ష్యం కిలోమీటరుకి 93.6 గ్రాములు. కార్ల బరువుని బట్టి ఒక్కో కంపెనీకి కొంచెం అటూఇటూ మారుతుంది. 2030 నుంచి 49.5 గ్రాములు. దాటితే దాటిన ప్రతి గ్రాముకీ 95 యూరోల జరిమానా, అదీ అమ్మిన ప్రతి కారుకీ.

ఇప్పుడు హోండా సివిక్ టైప్ ఆర్ తీసుకోండి. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంతకన్నా గొప్పది లేదని నా పక్షపాతం. అది వదిలేది కిలోమీటరుకి 186 గ్రాములు. పరిమితి అంచున ఉన్న కంపెనీ అలాంటి కారు ఒకటి అదనంగా అమ్మితే దాని వల్ల పడే భారం సుమారుగా 186లోంచి 93.6 తీసేసి, వచ్చిన 92.4ని 95తో గుణిస్తే ఎంతో అంత. దాదాపు 8,780 యూరోలు, మన లెక్కలో ఎనిమిది లక్షలకు పైమాటే. ఒక్క కారు మీద అంత లాభం ఏ కంపెనీకి వస్తుంది? 2025 మొదట్లో హోండా 40 కార్ల "అల్టిమేట్ ఎడిషన్" ప్రకటించి, యూరప్‌లో టైప్ ఆర్ కథ ముగించింది. కారణం ఉద్గార చట్టాలేనని దాచకుండా చెప్పింది. అంతకు ముందు ఏడాదే హ్యుందాయ్ యూరప్‌లో ఐ20 ఎన్, ఐ30 ఎన్ పెట్రోలు కార్లని ఆపేసి, అక్కడ తన స్పీడు కార్లకి పెట్టే ఎన్ బ్యాడ్జీని ఎలక్ట్రిక్ కార్లకే పరిమితం చేసింది.

దీనికి తోడు కొన్ని దేశాల్లో కొనేవాడి మీదా పన్ను ఉంది. ఫ్రాన్స్‌లో ఎక్కువ కార్బన్ వదిలే కొత్త కారు రిజిస్టర్ చేయించాలంటే 2025లో ఆ పన్ను 70 వేల యూరోల దాకా వెళ్ళింది. కారు ఖరీదు కంటే పన్నే ఎక్కువయ్యే సందర్భాలు కూడా ఉంటాయన్నమాట. మూలిగే నక్క మీద తాటికాయ.

అలాగైతే ఫెరారీ ఎలా బతుకుతోంది?

ఏడాదికి యూరోపియన్ యూనియన్‌లో 10 వేల కంటే తక్కువ కార్లు అమ్మే చిన్న కంపెనీలు తమకి వేరే లక్ష్యం అడగవచ్చు. వెయ్యి కంటే తక్కువైతే లెక్కే లేదు. ఫెరారీ, ఆస్టన్ మార్టిన్ లాంటివాటికి ఈ తలుపు ఉంది. పైగా అంత ధర పెట్టి కొనేవాడికి పన్ను పెద్ద విషయం కాదు. దెబ్బంతా పడేది మధ్యలో ఉన్నవాటికి: మామూలు ఉద్యోగి అప్పు చేసి కొనుక్కోగల వేగం కార్లకి. నాకు ఈ చట్టాల మీద ఉన్న అసలు కోపం ఇదే. పొగ తగ్గాల్సిందే, కాదనను. కానీ కోట్ల రూపాయల కారుకి మినహాయింపు, పొదుపు చేసుకుని కొనుక్కునే కారుకి జరిమానా అంటే ఎక్కడో తూకం తేడా కొడుతోంది.

ఫోర్డ్ యూరప్‌లో వీ8 (ఎనిమిది సిలిండర్ల) మస్టాంగ్ ఇంకా అమ్ముతోంది కదా?

అమ్ముతోంది. చట్టంలో "పూల్" అనే సదుపాయం ఉంది. రెండు మూడు కంపెనీలు కలిసి తమ సగటుని ఒకే లెక్కగా చూపించుకోవచ్చు. ఎలక్ట్రిక్ కార్లు మాత్రమే అమ్మే టెస్లాకి సగటు సున్నా కాబట్టి అందరూ దాని పక్కన చేరి డబ్బు కడతారు. 2025 లెక్కకి టెస్లా పూల్‌లో స్టెలాంటిస్, టయోటా, ఫోర్డ్, మాజ్డా, సుబారు చేరాయి. ఎవరి దగ్గర చారన్నం ప్లేట్లు ఎక్కువున్నాయో వాళ్ళ పక్కన కూర్చోవడమే.

ఇదంతా ఈమధ్య మొదలైన గోలేనా?

కాదు. జపాన్‌లో రెండుసార్లు జరిగింది, రెండోసారి ఒకే నెలలో ఊచకోత.

మొదటిది 1973. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ రెండో తరం కారు ఆ జనవరిలో వచ్చింది. రేసు కారు నుంచి దిగివచ్చిన ఇంజిన్. ఆ ఏటి కొత్త ఉద్గార నియమాలకి తగ్గట్టు దాన్ని మార్చలేదు, కొన్ని నెలల్లోనే ఆపేశారు. మొత్తం తయారైనవి 197. మళ్ళీ జీటీ-ఆర్ అనే పేరు రోడ్డెక్కడానికి 16 ఏళ్ళు పట్టింది, 1989లో.

రెండోది 2002 ఆగస్టు. అక్కడ 2000లో వచ్చిన ఉద్గార నియమాలు పాత మోడళ్ళకి కూడా వర్తించే గడువు అది. ఆ ఒక్క నెలలో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34, టయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7, నిస్సాన్ సిల్వియా ఉత్పత్తి ఆగిపోయింది. వీడియో గేముల్లో మన తరం నడిపిన కార్లన్నీ దాదాపు అవే. అప్పటికే వాటి అమ్మకాలు పడిపోయి ఉన్నాయి. స్పోర్ట్స్ కారు కొనే కుర్రాళ్ళు తగ్గారు, కుటుంబాలు వ్యాన్ల వైపు తిరిగాయి. నియమం వచ్చి పొడిచింది సరే, అప్పటికే మంచాన ఉన్నవాటిని పొడిచింది.

వీటిలో ఆర్‌ఎక్స్-7 మాత్రం వేరే కథ. దాని రోటరీ ఇంజిన్‌కి నిజంగానే పొగతో తగువు ఉంది. పిస్టన్ బదులు త్రికోణం ముక్క గుండ్రంగా తిరుగుతుంది. మంట మండే చోటు పొడవుగా, పలచగా ఉంటుంది, అందుకని మూలల్లో కొంత పెట్రోలు కాలకుండా మిగిలిపోతుంది. త్రికోణం కొసల్లో ఉండే సీళ్ళు అరగకుండా కావాలనే కాస్త ఇంజిన్ ఆయిల్ లోపలికి పోస్తారు, అదీ కాలి బయటికే వెళ్తుంది. తరవాత వచ్చిన ఆర్‌ఎక్స్-8లో పొగ వెళ్ళే రంధ్రాలని పక్కకి మార్చి కొంతకాలం నెట్టుకొచ్చారు. యూరో 5 దెబ్బకి 2010లో యూరప్ నుంచి తప్పుకుంది, 2012లో పూర్తిగా ఆగిపోయింది. "పాస్ కాలేక పోయింది" అనే మాట నిజంగా అతికే కారు ఏదైనా ఉంటే అది ఇదే.

ఆర్‌ఎక్స్ 100 బైకు కూడా ఇందుకే ఆగిందా?

కారు పేజీలో బైకు ప్రశ్న. కానీ తెలుగువాళ్ళు అడక్కుండా ఉండరు కాబట్టి చెప్తాను. అవును. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో ముగిసింది, మన దేశంలో టూ స్ట్రోక్ బళ్ళ మీద పొగ నియమాలు బిగిసిన కాలం అది. టూ స్ట్రోక్‌లో కొత్త పెట్రోలు లోపలికి వచ్చేటప్పుడు పొగ బయటికి వెళ్ళే దారి కూడా తెరిచే ఉంటుంది. అందుకని కొంత పెట్రోలు కాలకుండానే జారిపోతుంది. పైగా ఆయిల్ కలిపిన పెట్రోలాయె. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే వెనక్కి తిరిగి చూడని నలభై ఏళ్ళవాడు నాకింకా కనపడలేదు.

బీఎస్ 6 వల్ల మన దేశంలో ఏమేం పోయాయి?

2020 ఏప్రిల్ 1న బీఎస్ 4 నుంచి బీఎస్ 5ని దాటేసి నేరుగా బీఎస్ 6కి దూకాం. మార్చి 31 తరవాత బీఎస్ 4 బండి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చి చెప్పింది. పెట్రోలు కార్లకి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకి 80 మిల్లీగ్రాముల నుంచి 60కి దిగింది. డీజిల్‌కి 250 నుంచి ఏకంగా 80కి.

ఈ రెండు అంకెల తేడాలోనే పోలో జీటీ టీడీఐ అనే డీజిల్ బండి కథ ఉంది. 110 పీఎస్, 250 ఎన్ఎం టార్క్, హైవే మీద నాలుగో గేర్లో లాగితే సీటుకి అతుక్కుపోయే బండి. దాన్ని బీఎస్ 6కి మార్చాలంటే ఖరీదైన శుద్ధి పరికరాలు బిగించాలి. చిన్న కారు ధర అంత బరువు మోయలేదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇక్కడ డీజిల్‌కే దండం పెట్టేసింది. పెట్రోలు జీటీ మాత్రం కొత్త 1.0 టర్బోతో 2022 దాకా నడిచింది.

కోయంబత్తూరు జయం సంస్థతో కలిసి టాటా చేసిన టియాగో జేటీపీ 2018లో ఆరున్నర లక్షల లోపు ధరకి 114 పీఎస్ ఇచ్చింది. అలాంటి బేరం మళ్ళీ రాలేదు. బీఎస్ 6 నాటికి అదీ ఆగింది. 145 పీఎస్ అబార్త్ పుంటో సంగతి వేరు. దాన్ని అమ్మిన ఫియట్ బ్రాండే అప్పటికి ఇక్కడ దుకాణం కట్టేసే స్థితిలో ఉండేది.

అంటే నియమం వస్తే పవర్ తగ్గాల్సిందేనా?

అక్కర్లేదు. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌లో మొదట 1.4 టర్బో, 140 పీఎస్ ఉండేది. 2023 రోడ్డు పరీక్ష నియమాల సమయంలో దాన్ని తప్పించి 1.5 టర్బో తెచ్చారు, 160 పీఎస్. పొగ తగ్గింది, పవర్ 20 పెరిగింది. ఎందుకంటే ఆ ఇంజిన్‌ని సెల్టోస్‌కీ, కారెన్స్‌కీ, హ్యుందాయ్ కార్లకీ పంచుకున్నారు. ఖర్చు మోయడానికి నలుగురు భుజాలు పట్టారు.

కారు ఆగిపోయిందంటే కారణం ఎప్పుడూ పొగేనా?

ఎవరు చెప్పినా ఒకసారి ఆగి చూడండి. టయోటా జీఆర్86 యూరప్‌లో రెండేళ్ళే అమ్ముడైంది, కారణం 2024 జులై భద్రతా నియమాలు. పెట్రోలు పోర్షె 718ని అదే సమయంలో అక్కడ ఆపింది సైబర్ భద్రత నియమాలు. నిస్సాన్ జీటీ-ఆర్ ఆర్35ని 2022లో యూరప్ నుంచి తప్పించింది శబ్దం నియమాలు.

హైబ్రిడ్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

కాగితం మీద వదిలిపోతుంది. మెర్సిడెస్-ఏఎంజీ సీ63లో 4.0 లీటర్ వీ8 తీసేసి 2.0 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్, బ్యాటరీ, మోటారు పెట్టారు. పవర్ 680 పీఎస్. బరువు 2,100 కిలోలు దాటింది. వీ8 చప్పుడు కోసం ఆ కారు కొనేవాళ్ళు మొహం తిప్పుకున్నారు. లాంబోర్గిని మాత్రం మొత్తం వరసనీ హైబ్రిడ్ చేసి కూడా గర్జన పోనివ్వలేదు. ఇంజిన్ పెద్దదిగా ఉంచి మోటారుని తోడు తెచ్చుకోవడానికీ, ఇంజిన్ కోసేసి మోటారుతో పూడ్చడానికీ చాలా తేడా ఉంది.

నియమం సడలిస్తే పాత ఇంజిన్లు తిరిగి వస్తాయా?

వస్తాయి, అమెరికాలో వచ్చింది కూడా. డాడ్జ్ చాలెంజర్ ఆఖరి కారు 2023 డిసెంబర్‌లో కెనడా బ్రాంప్టన్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. హెమీ అనే వీ8 ఇంజిన్లకి వీడ్కోలు అన్నారు, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. 2025 జూన్‌లో అదే గ్రూపుకి చెందిన రామ్ కంపెనీ తన 2026 పికప్ ట్రక్కులో 5.7 హెమీ మళ్ళీ పెడతామంది. జులైలో అక్కడి ప్రభుత్వం మైలేజీ నియమాలు దాటితే పడే జరిమానాని సున్నా చేసింది. ఇంజిన్ అదే, పొగ అదే. మారింది జరిమానా అంకె ఒక్కటే.

నా దగ్గర బీఎస్ 4 పోలో జీటీ ఉంది. నడుపుకోవచ్చా? రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటరు సెట్టింగులు మార్పించడం) చేయించనా?

నిషేధం కొత్త బళ్ళ అమ్మకం మీదే, నడుస్తున్నవాటి మీద కాదు. 15 ఏళ్ళు నిండాక ఆర్టీఓ దగ్గర తనిఖీ చేయించి ఆర్‌సీ పొడిగించుకోవాలి. ఢిల్లీకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే వేరే సంగతి, అక్కడి ఆంక్షలేమిటో ముందే కనుక్కోండి. రీమ్యాప్ మీ ఇష్టం అనను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయించడం మాత్రం చేయకండి. పవర్ వచ్చేది చిటికెడు, వాసన మీ పిల్లల ముక్కులోకే వస్తుంది.

ఇప్పుడు మన దేశంలో నిజమైన స్పీడు కారు కొనాలంటే?

ఒక్కో కంపెనీ ఏడాదికి 2,500 వరకు కార్లని ఇక్కడి పూర్తి సర్టిఫికేషన్ లేకుండా దిగుమతి చేసుకునే వెసులుబాటు ఉంది. 2020లో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 ఆ దారిలోనే 200 వచ్చి, ఇట్టే అయిపోయాయి, ధర 36 లక్షలు. 2025లో గోల్ఫ్ జీటీఐ మొదటి విడతగా 150 వచ్చాయి, 53 లక్షలు. ఆ ఏడాదే అక్టోబర్‌లో ఆక్టేవియా ఆర్‌ఎస్ మళ్ళీ వచ్చింది. ఈసారి 100 మాత్రమే, 50 లక్షలకి వెయ్యి తక్కువ. ఇవి షోరూమ్ ధరలు. ఆన్ రోడ్ ఎంతవుతుందో షోరూమ్‌లో నిలబడి అడగకండి, కూర్చుని అడగండి.